ప్రార్థన అంశం

లోపల గడియ పెట్టుకుంది. చర్చి నుంచి ఆటోలో వచ్చినంతసేపూ నోరు విప్పలేదు, మెట్లెక్కింది, చెప్పులు గుమ్మం పక్కన విడిచింది, నేను మంచినీళ్ళు తెచ్చేలోపు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని గడియ పెట్టుకుంది. ఆ చప్పుడు వంటింట్లోకి వినబడింది. ఈ ఇంట్లో గడియ చప్పుడు నాకు కొత్త. బాత్రూముకి తప్ప ఏ గదికీ లోపల్నుంచి గడియ లేని ఇల్లు మాది, ఎవరి దగ్గర ఏం దాచుకోవాలని గడియలు అనేవారు మా అత్తగారు, నేనూ అదే అంటూ వచ్చాను, ఈ పిల్లని, మారిట్‌ని మా ఇంటికి పంపిన సంస్థవాళ్ళు మాత్రం వాలంటీరు ఉండే గదికి గడియ ఉండి తీరాలన్నారు, ఆయన కార్ఖానా బజారుకి వెళ్ళి ఇత్తడిది మంచిది చూసి తెచ్చి తనే బిగించారు, ఏనుగు తోసినా రాదు చూడు కాంతం అని మురిసిపోయారు. ఏనుగు తోసినా రాదట. నేను ఆ తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెచ్చిన నీళ్ళ గ్లాసు ఒళ్ళోనే ఉంది, ఎక్కడ పెట్టాలో కూడా తోచడం లేదు. మారీ, అని పిలిచాను. మారీ, అన్నం తిందువు రా, అన్నాను. లోపల ఫ్యాను తిరుగుతోంది, అంతే. కోడికూర పొయ్యి మీద అలాగే ఉంది, ఆదివారం చర్చి నుంచి రాగానే తింటాం, ఆయనకి ఆకలికి ఆగదు, హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు కానీ పేజీ తిప్పడం లేదు, నాకు తెలుస్తూనే ఉంది.

నార్వే అమ్మాయి. ఇరవై దాటి ఎంతో కాలేదు. నేరేడ్‌మెట్‌లో చెవులు వినబడని పిల్లల బడిలో బొమ్మలు వేయడం నేర్పడానికి వచ్చింది, జీతం లేదు, వాళ్ళ దేశంలో పిల్లలు ఇలా ఏదో ఒక దేశం వెళ్ళి కొన్నాళ్ళు ఊరికే పని చేసి వస్తారట, తిండీ పడకా మాలాంటి వాళ్ళింట్లో. మా షెకీనా పెళ్ళయి విజయవాడ వెళ్ళాక గది ఖాళీగా ఉంది, పాస్టరు గారు అడిగారు, నేను సరేనన్నాను. వచ్చిన కొత్తలో ప్రతిదానికీ థాంక్యూ. టీ ఇస్తే థాంక్యూ, తువ్వాలిస్తే థాంక్యూ, ఫ్యాను వేస్తే థాంక్యూ, ఇంట్లో మనిషికి థాంక్యూలేమిటే, కొట్టువాడికి చెప్పుకో అని కసిరాను, పాపం మొహం ఎర్రబడిపోయింది. మర్నాటి నుంచి టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించడం మొదలుపెట్టింది, తనది మాత్రమే కాదు, మా ఇద్దరివీ. ఆ పిల్ల చెప్పే థాంక్యూ ఇక అదే అనుకున్నాను. పొద్దున నల్లా వచ్చే వేళకి నాకంటే ముందు లేచి పైపు పట్టుకుని నిలబడేది, బిందెలు నింపేది, కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ అనసూయమ్మ గారు నోరు నొక్కుకునేవారు, "ఏందమ్మా కాంతమణీ, గా తెల్లపిల్లతోని నీళ్ళు పట్టిస్తున్నవ్, పాపం తగుల్తది" అని, ఆ మాట అర్థం చెబితే మారిట్ పడీ పడీ నవ్వింది. బకెట్టులో వేడినీళ్ళు, చల్లనీళ్ళు కలుపుకోవడం నేర్చుకుంది, ముందు వేడినీళ్ళు పోసుకోవాలా చల్లనీళ్ళా అని అడిగితే నాకే జవాబు తెలియలేదు, ఇన్నేళ్ళుగా పోసుకుంటున్నానుగా, చేతికి తెలుసు గానీ నాకు తెలియదు. పెరుగన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం, ఉప్మాలో జీడిపప్పులు ఏరి ఆయనకి వదిలేయడం, నైటీ మీద చున్నీ వేసుకుని గేటు దాకా వెళ్ళడం, అన్నీ వచ్చేశాయి. ఇల్లంటే ఇవే కదా, ఇంకేముంటాయి, రోజూ చేసినవే మళ్ళీ చేసుకుంటూ పోవడమే కదా.

రాత్రి అన్నాలకి ముందు కుటుంబ ప్రార్థన. చాప వేసుకుని కూర్చుంటాం, ఒక పాట, ఒక వాక్యం, తర్వాత ఒకరి తర్వాత ఒకరం నోరు తెరిచి ప్రార్థన చేస్తాం, చిన్నప్పుడు మా నాన్నగారి ఇంట్లో తెనాలిలో ఎలా చేశామో అలాగే. మారిట్ మొదటి రోజే చెప్పేసింది, ఆంటీ నాకు దేవుడు లేడు, కానీ మీతో కూర్చుంటాను, అని. నా గుండె కలుక్కుమంది, ఆయన మాత్రం చాప మీద జరిగి చోటిచ్చారు. తన వంతు వచ్చినప్పుడు ఊరికే కూర్చునేది, మేమూ కాసేపు ఊరుకుని తర్వాత ఆమెన్ అనేవాళ్ళం. ఒక రాత్రి తన వంతులో కళ్ళు తెరిచే ఉంచి తెలుగులో ఈ రోజు బాగుంది అంది. అంతే. మర్నాడు మళ్ళీ అదే, ఈ రోజు బాగుంది, జ్వరం వచ్చిన రోజున మాత్రం ఈ రోజు అంత బాగాలేదు. నేను అరగంట సేపు ఊరందరి పేర్లూ పెట్టి చేసే ప్రార్థన ఒక పక్క, ఆ ఒక్క మాట ఒక పక్క. ఆయన నన్ను ఏడిపించేవారు, చూడు కాంతం, ఆ పిల్ల పూర్తి చేసేసింది, నువ్వింకా బంధువుల దగ్గరే ఉన్నావు, అని. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఎవరి బాధ విన్నా అది పైకి చెప్పేదాకా నాకు అన్నం దిగదు, ప్రార్థన అంటే నాకు అదే, బాధని పేరు పెట్టి పిలవడం, ఇంకోలా నాకు రాదు.

ఇప్పుడు తలుపు కొట్టాను. మెల్లిగా కొట్టాను, గట్టిగా కొట్టాను. మారీ, ఒక్క మాట పలుకమ్మా. నీళ్ళ గ్లాసు కింద పెట్టాను, నా చీరంతా తడి. "వదిలెయ్, కాసేపు పడుకోనీ" అన్నారు ఆయన పేపరు వెనకనుంచి, ఆ గొంతులో కూడా ఏదో తేడా. పడుకుంటే పరవాలేదు. పడుకుంటే నాకేం బాధ లేదు, సాయంత్రం దాకా పడుకోనీ, రేపటిదాకా పడుకోనీ, ఊపిరి తీసుకుంటూ పడుకుంటే చాలు. ఇది ఆయనకి ఎలా చెప్పను. తలుపుకి చెవి ఆనించాను, చెక్క వేడిగా ఉంది, ఫ్యాను గరగరా తిరుగుతోంది, ఆ గరగర ఆపించమని ఎన్నిసార్లు చెప్పాను ఈయనకి, ఇవాళ దాని కింద ఇంకేమైనా వినబడుతుందేమో అని వెతుక్కుంటున్నాను.

డాబా మీద చెప్పింది నాకు. మొన్నటి మంగళవారం, సాయంత్రం కరెంటు పోయింది, లోపల ఉక్కపోత, కొబ్బరినూనె గిన్నె పట్టుకుని పైకి వెళ్ళాం, తల దువ్వుతానంటే ముందు కూర్చుంది, ఆ జుట్టు పట్టుకుంటే జారిపోతుంది, జడ నిలవదు. నూనె రాస్తుంటే, ఆంటీ, నేను ఒకసారి చచ్చిపోవాలనుకున్నాను, అంది. తెలుగులో అంది. పాఠం అప్పజెప్పినట్టు అంది. నా చేతులు ఆగిపోయాయి, ఆపకండి అంది, మళ్ళీ రాశాను, మిగతాదంతా ఇంగ్లీషులో చెప్పింది, రెండేళ్ళ కిందట, ఆసుపత్రిలో చాలా రోజులు, అమ్మా నాన్నా పక్కన కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. బతికి బయటికొచ్చాక కష్టమైంది ఆసుపత్రి కాదు ఆంటీ, ఊరు, అంది. చిన్న ఊరట వాళ్ళది, అందరికీ తెలుసు, రొట్టె అమ్మే ఆవిడకి కూడా తెలుసు, అడగకుండానే ఇంకో రొట్టె సంచిలో వేసి చెయ్యి నొక్కుతుందట, స్నేహితులు తన ముందు జోకు వెయ్యడానికి భయపడతారట, ఎవరు పలకరించినా ఎలా ఉన్నావు అనే మాటని నెమ్మదిగా పలుకుతారట. అందుకే వచ్చాను ఇక్కడికి, అంది. ఇక్కడ ఎవరికీ తెలియదు. కింద ఆంటీ నన్ను పెళ్ళెప్పుడు అంటుంది, బస్సులో జరుగు జరుగు అంటారు, మీరు నన్ను తిడతారు. నాకు అది చాలా ఇష్టం, నన్ను తిట్టండి, అంది. నేను ఏడుస్తున్నానని తనకి తెలియకూడదని ఇంకా గట్టిగా నూనె రుద్దాను. ఎవరికీ చెప్పకండి అని కూడా అనలేదు పిల్ల. అనవసరం అనుకుంది, నన్ను చూసి.

మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి ఆ గది ముందు నిలబడి విన్నాను. ఆయనకి కూడా చెప్పలేదు, చూశారా, మొగుడికి కూడా చెప్పలేదు, ఎంత దాచుకున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన. ప్రిసిల్లా ఇంట్లో, పన్నెండు పదిహేను మందిమి, అందరం నేల మీద, కొంగులు తల మీద, ప్రార్థన అంశాలు చెప్పండి అక్కలారా అంటుంది ప్రిసిల్లా, ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరి కొడుక్కి ఉద్యోగం, ఒకరి అల్లుడి తాగుడు, అక్కడ చెప్పినవి అక్కడే ఉండాలని ప్రతి శుక్రవారం అనుకుంటాం, ప్రతి ఆదివారానికీ అందరికీ తెలిసే ఉంటాయి, ఆ సంగతి నాకు తెలియదా, ముప్ఫై ఏళ్ళుగా ఆ చాప మీదే కూర్చున్నాను. నా వంతు వచ్చింది. గొంతు దాకా వచ్చి ఉంది మూడు రాత్రుల బరువు. పేరు చెప్పను, అన్నాను. పేరు చెప్పను కానీ మా ఇంట్లో ఉన్న ఒక బిడ్డ కోసం ప్రార్థన చేయండి, ప్రాణం తీసుకోబోయి బతికింది, మళ్ళీ ఆ ఆలోచన రాకుండా, అన్నాను. పేరు చెప్పలేదు. ఎంత తెలివి నాది. మా ఇంట్లో ఉన్న బిడ్డలు ఎంతమంది, ఆయన బిడ్డా, నేను బిడ్డనా? చెప్పేసి వలవలా ఏడ్చాను, అందరూ నాతో ఏడ్చారు, నా వీపు నిమిరారు, ఒళ్ళు తేలికైంది, ఇంటికొచ్చి సుఖంగా పడుకున్నాను. ఆ సుఖం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇవాళ ఆరాధన అయ్యాక గేటు దగ్గర. నేను షెకీనా అత్తగారి తరఫువాళ్ళతో మాట్లాడుతున్నాను, తిరిగి చూసేసరికి మారిట్ చుట్టూ ఆడవాళ్ళు. ప్రిసిల్లా అరచెయ్యి ఆ పిల్ల నడినెత్తిన. పక్కవాళ్ళ చేతులు భుజాల మీద, వీపు మీద. తనకి అర్థం కావాలని ప్రిసిల్లా ఇంగ్లీషులో, గట్టిగా, ఆత్మహత్య అనే ఆ దురాత్మ ఈ బిడ్డని విడిచి పోవాలి అని, ఆ మాట ఇంగ్లీషులో ఇంకా గట్టిగా వినబడుతుంది, పార్కింగులో స్కూటర్లు తీసేవాళ్ళు ఆగి చూశారు, బెలూన్లవాడు కూడా చూశాడు. ప్రేమే, అందరి కళ్ళలో నీళ్ళు, ఎవరినని ఏమనను. మారిట్ కదల్లేదు. ఆ చేతులన్నిటి మధ్య నుంచి నా కోసం వెతికింది, నేను కనబడ్డాను, నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. అర్థమైందన్నట్టు చూసింది, ఇక్కడ కూడానా అన్నట్టు. తర్వాత వాళ్ళు ఆమెన్ అన్నాక అందరికీ నమస్కారం పెట్టింది, మేం నేర్పిన నమస్కారమే.

ఫ్యాను ఆగింది. ఇప్పుడే ఆగింది. కరెంటు పోలేదు, హాల్లో ఆయన మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది, లోపల స్విచ్చి ఆపింది. ఎందుకు ఆపింది, ఈ ఎండలో ఎవరైనా ఫ్యాను ఎందుకు ఆపుతారు? లేచి నిలబడ్డాను, కుర్చీ పడిపోయింది. మారీ, మారీ, మారీ, అరచేత్తో కొడుతున్నాను, చెయ్యి మండుతోంది. ఆ గదిలో ఏమేమున్నాయో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను, బీరువా, కుట్టుమిషను, పాత దుప్పట్లు, నా చేత్తో సర్దిన గది, అందులో ప్రతి వస్తువూ ఇప్పుడు నాకు భయంగానే కనబడుతోంది. సంస్థ అమ్మాయి నంబరు ఫోనులో ఉంది, చేస్తే ఏమని చెప్పాలి, మొదటి నుంచి చెప్పాలి, మళ్ళీ చెప్పాలి, ఇంకొకరికి, నా నోటితోనే. చెప్పకపోతే పిల్ల పోతుంది, చెబితే పిల్ల పరువు పోతుంది, దీనికి మధ్యలో ఎక్కడ నిలబడను. ప్రభువా అన్నాను. ఆ తర్వాతి మాట రావడం లేదు. ఎప్పుడూ వరదలా వచ్చే నోరు ఇది. నీ బిడ్డని అనబోయి ఆగాను, ఆ మాటకి వెనకే ఆ సంగతి వస్తుంది, ఆ సంగతి మళ్ళీ పేరు పెట్టి పిలవాలి, ఇక పిలవడానికి వీల్లేదు.

ఆయన వచ్చారు. చేతిలో స్క్రూడ్రైవరు, సుత్తి. "జరుగు కాంతం. ఇంక చూస్తూ ఊరుకోకూడదు."

"మీకేం తెలుసని" అన్నాను.

"తెలుసు. మగాళ్ళ వైపుకి కూడా వచ్చింది మాట. నిన్ననే విన్నాను, నువ్వే చెబుతావని ఊరుకున్నాను."

మగాళ్ళ వైపుకి కూడా. ఆయన సుత్తి ఎత్తారు, చెయ్యి పట్టుకుని ఆపాను, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం జెరెమియా గారూ, అని పేరు పెట్టి పిలిచాను, ఎన్నడూ పిలవని పేరు, ఆయన ఆగిపోయారు. నేల మీద కూర్చున్నాను, తలుపు కింద సందు దగ్గర నోరు పెట్టాను. చూడు మారీ, ఆ ప్రిసిల్లా ఉంది చూశావూ, అని మొదలుపెట్టాను, ఆపేశాను. కాదు. "నేనే చెప్పాను. శుక్రవారం. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. నీ కోసమని అనుకున్నాను, కాదు, నాకు బరువు మొయ్యడం చేతకాక చెప్పాను. నువ్వు నాకొక్కదానికి చెప్పావు, నేను ఊరందరికీ చేశాను. తలుపు తియ్యకపోతే తియ్యకు, నా మొహం చూడక్కర్లేదు. ఒక్కసారి పలుకు. ఉన్నానని ఒక్క చప్పుడు చెయ్యి." ఆయన నా వెనక సుత్తి పట్టుకుని నిలబడ్డారు. గడియ వెనక్కి జరిగింది.

ఉంది. నిలబడి ఉంది. మొహం తుడుచుకుంది, జుట్టు గట్టిగా వెనక్కి కట్టుకుంది, వీపున వచ్చినప్పటి పెద్ద సంచి. నేను లేవబోయి లేవలేక గుమ్మం పట్టుకున్నాను, పాదాలు కనబడ్డాయి నాకు ముందు, నేల మీద ఆనుకుని ఉన్న పాదాలు, వాటిని చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"చచ్చిపోను, ఆంటీ" అంది తెలుగులో. "మీరు భయపడ్డారు. నాకు వినబడింది. నేను చచ్చిపోను."

"మరి ఆ సంచి?"

"ఇక్కడ ఉండలేను." బడి పక్కన టీచర్ల గది ఒకటి ఉందట, పెద్ద టీచరుకి మెసేజి పెట్టిందట, క్యాబు వస్తోందట. అన్నం తిని వెళ్ళమ్మా అని ఆయన అనబోయి సుత్తి వెనక్కి దాచుకున్నారు. నా మీద కోపంగా ఉందా అని అడిగాను, అడగకూడని ప్రశ్నే, నా నోటికి ఇంకా బుద్ధి రాలేదు. "ఊఁ" అంది మారిట్. "చాలా." ఆ మాట చెప్పి కిటికీ వైపు చూపించింది. "కింద వాళ్ళు ఉన్నారు. నేను ఒక్కదాన్నే వెళ్ళలేను. నాతో రండి."

ప్రిసిల్లానే. ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని, కేకు డబ్బా పట్టుకుని, బిడ్డని ఆదరించడానికి వచ్చింది. అనసూయమ్మ గారు గేటు దగ్గర వాళ్ళని పైకి పంపాలా వద్దా తేల్చుకోలేక నిలబడి ఉన్నారు. మెట్లు దిగుతుంటే మారిట్ భుజం నాకు తగులుతోంది, తగిలి తగలనట్టు. పట్టుకోవాలని ఉంది. పట్టుకోలేదు. "ఏమైందమ్మా, పిల్ల గింత సంచి ఏసుకొని ఎటు పోతున్నది? గీళ్ళంతా ఎందుకొచ్చిండ్రు?" అన్నారు అనసూయమ్మ గారు. ఏమీ లేదండీ, బడి దగ్గర గది దొరికింది, అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు, ఇంకా ఏదో వస్తుందని, నా దగ్గర ఎప్పుడూ ఇంకా ఏదో వస్తుందిగా. ఏమీ లేదు, అన్నాను మళ్ళీ. ప్రిసిల్లా చెయ్యి చాచింది, ఆ చేతికీ పిల్లకీ మధ్య నేను నిలబడ్డాను, కేకు డబ్బా నా పొట్టకి తగిలింది, "అక్కా, ఒక్కసారి" అంటోంది, జరగలేదు. క్యాబు వచ్చింది. సంచి వెనక పెట్టుకుని ఎక్కింది. అద్దం దించలేదు. వీధి మలుపు దాకా చూశాను, ఆ తర్వాత కూడా కాసేపు చూశాను, ఇది ఎవరికైనా చెప్పుకోకపోతే నేను బతకలేను అనిపించింది.

"పోనీలే అక్కా, ఏడవకు" అంది ప్రిసిల్లా, నిజంగా జాలితోనే. "ఇక్కడే నిలబడి ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం. ఆ బిడ్డ పరిస్థితి ప్రభువుకి అప్పగిద్దాం. నువ్వు మొదలుపెట్టు." నలుగురూ కొంగులు తల మీదికి లాక్కున్నారు, కళ్ళు మూసుకున్నారు, చేతులు నా వైపు చాచారు. ఎప్పుడూ మొదలుపెట్టేది నేనే. నా నోరు తెరుచుకుంది కూడా.

"వద్దు" అన్నాను.